మన విశ్రాంతి ఎవరి భుజాల మీద ఉంది?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ఈ వరుసల్లో ఖాళీలున్నాయి.

పని గురించి మాట్లాడమంటే చాలామంది కష్టపడమని చెబుతారు. విశ్రాంతి గురించి అయితే ఆరోగ్య సూత్రాలు చెబుతారు. ఎదుటివాళ్లతో ఎలా మెలగాలో చెప్పమంటే నీతులు మొదలవుతాయి. ఈ మూడింటినీ మూడు గదుల్లో పెట్టి మాట్లాడుకోవడం మనకు అలవాటైపోయింది. నాకు మాత్రం ఇవి మూడూ ఒకే విషయంగా కనిపిస్తాయి. నేను పడుకున్నప్పుడు నా కోసం మేలుకుని ఉన్నదెవరు? నా పని తొందరగా తెమలడానికి ఎవరి పని పెరిగింది? ఈ రెండు ప్రశ్నలు వేసుకోకుండా మంచితనం గురించి ఎంత మాట్లాడుకున్నా ప్రయోజనం లేదని నా నమ్మకం. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

ముందు తొందర సంగతి చూద్దాం. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావాలని చదువుకుంటున్న విద్యార్థులను పిలిచి, పక్క భవనంలోకి వెళ్లి చిన్న ప్రసంగం చేయాలని చెప్పారు. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్న బాటసారిని, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ఆదుకున్న కథ అది. ఇక బయల్దేరే ముందు కొంతమందికి 'ఇంకా టైముంది, నెమ్మదిగా వెళ్లండి' అన్నారు. కొంతమందికి 'ఇప్పుడు బయల్దేరితే సరిపోతుంది' అన్నారు. మిగిలినవాళ్లకు 'ఇప్పటికే ఆలస్యమైంది, అక్కడ మీ కోసం చూస్తున్నారు, త్వరగా వెళ్లండి' అన్నారు.

దారిలో ఒక సందులో, గుమ్మం దగ్గర ఒక మనిషి తల వాల్చేసి, దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. అతన్ని అక్కడ ఉంచింది పరిశోధకులే. ఎవరు ఆగుతారో చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. తీరిగ్గా బయల్దేరినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయం చేశారు. టైముకు బయల్దేరినవాళ్లలో 45 శాతం. ఆలస్యమైందని పరుగెత్తినవాళ్లలో 10 శాతం. సమరయుడి కథ మీద మాట్లాడబోతున్నవాళ్లా, మరో విషయం మీద మాట్లాడబోతున్నవాళ్లా అన్నది లెక్కకు వచ్చేంత తేడా చూపించలేదు. ఆ కథ మీదే ప్రసంగించడానికి వెళ్తూ, ఆ మనిషిని దాటుకుని అడుగు వేసినవాళ్లు కూడా ఉన్నారట.

దీన్ని చెప్పి ఆ విద్యార్థులను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్లు చెడ్డవాళ్లని ఆ పరిశోధకులూ అనలేదు. వాళ్ల నుంచి తీసేసింది కొద్ది నిమిషాల తీరిక మాత్రమే. దాంతోపాటు దయ కూడా పోయింది. నాకు ఇందులో గుచ్చుకునే విషయం ఇంకొకటుంది. వాళ్లను తొందరపెట్టిన మనిషి ఒకడున్నాడు కదా. 'త్వరగా వెళ్లండి' అన్నవాడు. ప్రయోగంలో అది అతని పాత్ర. బయట ప్రపంచంలో ఆ పాత్ర మనమే పోషిస్తుంటాం. పై అధికారిగా, కస్టమర్‌గా, ఇంటి యజమానిగా, తండ్రిగా, భర్తగా ఎవరినో ఒకరిని ఊపిరి సలపనంత తొందరలో పెడుతుంటాం. వాళ్లు తమ దారిలో ఎవరి దగ్గర ఆగలేకపోయారో మనకు ఎప్పటికీ తెలియదు.

అలసట కూడా ఇలాంటిదే. 17 గంటల పాటు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. చాలా దేశాల్లో ఆ మోతాదు దాటి బండి నడిపితే నేరం. తాగిన మనిషి చేతికి స్టీరింగ్ ఇవ్వం. రెండు షిఫ్టులు వరసగా చేసిన మనిషి చేతికి మాత్రం స్టీరింగూ ఇస్తాం, ఇంజెక్షన్ సూదీ ఇస్తాం, పసిబిడ్డనూ ఇస్తాం. పైగా చిరునవ్వుతో మాట్లాడలేదని ఫిర్యాదు చేస్తాం.

కౌంటర్ వెనక కూర్చున్న మనిషి విసుక్కుంటే మనకు వెంటనే కోపం వస్తుంది. వాళ్లు విసుక్కోవడం సరైనదేనని నేను అనను. కానీ ఆ విసుగు పుట్టింది ఎక్కడని అడగాలి కదా. మధ్యాహ్నం పది నిమిషాలైనా నడుం వాల్చే వీలుందా? పక్క సీటులోని మనిషి మానేశాక ఆ పని కూడా ఈమె మీదే పడిందా? మనుషుల ప్రవర్తన గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల పని గంటల గురించి కూడా మాట్లాడాలి. లేకపోతే మన నీతిబోధ అంతా కింది మెట్టు మీద ఉన్నవాళ్లకే వర్తిస్తుంది.

ప్రాణాల లెక్క కూడా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేయడం వల్ల 2016వ సంవత్సరం ఒక్కదానిలోనే పక్షవాతంతో, గుండెజబ్బుతో సుమారు 7 లక్షల 45 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. వారానికి 35 నుంచి 40 గంటలు పని చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇవి ఒక్క రోజులో, ఒక్క చోట జరిగిన చావులు కావు కాబట్టి ఎవరూ వీటిని ప్రమాదం అనరు. ఎక్కువ గంటలు పని చేయడం గొప్ప అని యువతకు చెప్పే పెద్దలు ఈ అంకెను కూడా పక్కనే పెట్టి చెప్పాలని నా కోరిక.

ఇప్పుడు మనకున్న ఈ కాస్త విశ్రాంతి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్‌లో నూలు మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ 1817 నాటికే ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి అన్నాడు. 1856లో మెల్‌బోర్న్‌లో రాళ్లు చెక్కే మేస్త్రీలు పనిముట్లు కింద పెట్టి ఊరేగింపుగా కదిలారు. జీతం తగ్గకుండా ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. 1886 మే 1న చికాగోలోనూ, అమెరికాలోని ఇతర నగరాల్లోనూ లక్షల మంది అదే కోరికతో పని ఆపేశారు. ఆ తర్వాత చికాగోలో నెత్తురు పారింది, ఉరికంబాలు లేచాయి. మన దేశంలో నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి ఏళ్ల తరబడి అడిగిన మీదట, 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన రాసుకున్నప్పుడు 24వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ ప్రతి మనిషికీ ఉన్న హక్కుగా చేర్చారు.

ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నప్పుడు మనకు ఇదంతా గుర్తుండదు. ఉండాలని కూడా నేను పట్టుబట్టను. అయితే ఆ సెలవును ఎవరో ఒకరు తమ కోసమే కాకుండా అందరి కోసం అడిగారు. నాకు గౌరవం కలిగించే విషయం అదే.

ఇంతకంటే ఎంతో పాతదైన ఒక నియమం ఉంది. నేను ఏ మతం తరఫునా మాట్లాడడం లేదు, ఆ ఆలోచన గొప్పదని చెబుతున్నాను. యూదుల ధర్మశాస్త్రంలో ఏడో రోజు పని చేయకూడదన్న ఆజ్ఞ ఉంది. అది ఇంటి యజమాని ఒక్కడితో ఆగదు. నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఊళ్లో ఉంటున్న పరదేశి అని ఒక్కొక్కరినీ పేరుపేరునా లెక్కపెడుతుంది. నీతో పాటు నీ దాసదాసీలు కూడా విశ్రమించాలని కారణం కూడా చెబుతుంది. ఆ జాబితా రాసినవాళ్లకు మనుషుల స్వభావం బాగా తెలుసు. యజమానికి సెలవు అని మాత్రమే చెప్పి ఊరుకుంటే, ఆ రోజు దాసికి రెట్టింపు చాకిరీ అవుతుంది. అందరూ ఇంట్లో ఉంటారు, అందరికీ అన్నీ అందించాలి కదా! అందుకే తప్పించుకునే దారులన్నీ మూసి రాశారు. ఎద్దును కూడా వదల్లేదు.

మన ఇళ్లలో పండగ రోజు ఎవరికి పండగో ఈ జాబితా దగ్గర పెట్టుకుని చూడండి. ప్రపంచంలో ఇళ్లలో జీతానికి పని చేసేవాళ్లు 7 కోట్ల 50 లక్షలకు పైగా ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఆడవాళ్లు. వారంలో వరసగా కనీసం 24 గంటలు వాళ్లకు సెలవు ఉండాలని అంతర్జాతీయ ఒప్పందంలో రాసుకోవడానికి 2011 దాకా పట్టింది. ఫ్యాక్టరీ కార్మికుడికి అదే మాట 1921లో రాశారు. మధ్యలో గడిచింది తొంభై ఏళ్లు. గోడల అవతల జరిగే పని కంటికి కనిపిస్తుంది. మన వంటింట్లో జరిగే పని కనిపించదు.

జీతం లేని ఇంటి చాకిరీ సంగతి ఇంకా పెద్దది. వంట, శుభ్రం, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం, ఇవన్నీ కలిపి ప్రపంచంలో రోజుకు 1,640 కోట్ల గంటలు అవుతాయని 2018లో అదే సంస్థ అంచనా వేసింది. అందులో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లే చేస్తున్నారు. ఇంట్లో ఆడవాళ్లను గౌరవిస్తామని చెప్పే మగవాళ్లు చాలామంది నాకు తెలుసు. అబద్ధం చెబుతున్నారని అనను. కానీ సాయంత్రం ఇంటికొచ్చాక ముందుగా కూర్చునేది ఎవరు, చివరగా కూర్చునేది ఎవరు అని అడిగితే చాలామంది మాట్లాడరు. గౌరవం ఉంటే అది గంటల్లో కనిపించాలి. ఆమె ఏ పనీ లేకుండా, ఎవరి పిలుపుకూ చెవి ఒగ్గకుండా రోజులో ఎంతసేపు ఉండగలుగుతోంది? దానికి జవాబు చెప్పగలిగితే ఆ ఇంటి సంగతి నాకు చాలావరకు అర్థమవుతుంది.

ఆఫీసుల విషయంలో ఎక్కువ చెప్పను, మీకే బాగా తెలుసు. రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టి, 'రేపు చూసినా ఫర్వాలేదు' అని కింద రాసేవాళ్లున్నారు. పెట్టినవాడి బరువు దిగుతుంది. అందుకున్నవాడికి టెన్షన్ మొదలవుతుంది. రేపు చూసినా ఫర్వాలేని విషయాన్ని రేపే పంపవచ్చు. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి పెద్ద కంపెనీలు, పని వేళల తర్వాత ఫోన్లకూ మెయిళ్లకూ దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని చట్టం వచ్చింది. చట్టం రాకముందే మనం చేయగలిగింది ఒకటుంది. పంపే ముందు, అవతలి మనిషి ఇప్పుడు ఏం చేస్తుంటాడో ఒక్క క్షణం ఊహించుకోవడం.

ఇందాక విరామంలో ఒకాయన నా దగ్గరికి వచ్చి అడిగారు. 'మీరు ఇలా మాట్లాడితే జనం సోమరులైపోరా? పని అంటే భక్తి ఉండాలి కదా' అన్నారు. మంచి ప్రశ్న. పని మీద భక్తి గురించి బసవన్న చుట్టూ చేరిన శివభక్తులు, శరణుల కంటే గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ. 12వ శతాబ్దంలో, ఇప్పటి కర్ణాటకలోని కల్యాణ నగరంలో చెప్పులు కుట్టేవాళ్లు, నేతగాళ్లు, పడవ నడిపేవాళ్లు ఒకచోట కూర్చుని, చేసే పనిలోనే కైలాసం ఉందన్నారు. ఆ శరణుల్లో మారయ్య, లక్కమ్మ అనే దంపతుల కథ ఉంది. మారయ్య కాయకం, అంటే ఆయన ఎంచుకున్న పని, నేల మీద రాలిన బియ్యపు గింజలు ఏరి తేవడం. ఒకరోజు ఆయన రోజూ తెచ్చేదానికంటే ఎక్కువ తెచ్చాడు. లక్కమ్మ సంతోషించలేదు. మనకు కావలసింది ఇంత కాదు, మిగతాది తీసుకెళ్లి ఎక్కడివి అక్కడ పోసి రమ్మంది.

ఈ కథ నాకు ఎంతో ఇష్టం. లక్కమ్మ సోమరి కాదు. పని అంటే ఆమెకున్న భక్తి ఎవరికీ తీసిపోదు. అయినా ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. ఆ మిగులు గింజలు ఇంకెవరికో చెందినవని కూడా తెలుసు. మనలో చాలామందికి పని చేయడం వచ్చు. ఇవాళ్టికి చాలు అనడం రాదు. మనకు చాలు అనడం రాకపోతే, మన కింద పని చేసేవాళ్లకు చాలు అనే వీలే ఉండదు. పని అంటే ప్రాణం పెట్టే అధికారి రాత్రి తొమ్మిదిదాకా సీటులో కూర్చుంటే, ఆయన ఎవరినీ ఉండమని అనకపోయినా ఎవరూ లేవరు. ఆయనకు అది ఇష్టమైన పని. మిగతావాళ్లకు ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు.

సోమరితనం ఉందా అంటే ఉంది. ఒళ్లు దాచుకునేవాళ్లు ఉంటారు. అయితే వాళ్లు దాచుకున్న పని గాలిలో కలిసిపోదు, పక్కనున్న మనిషి మీద పడుతుంది. కాబట్టి సోమరితనం తప్పు అవడానికి కారణం కూడా నేను మొదట అడిగిన ప్రశ్నలోనే ఉంది. తన వాటా ఎగ్గొట్టి పక్కవాడి చేత చేయించేవాడూ, తన స్థాయిని అడ్డం పెట్టుకుని పక్కవాడి చేత చేయించేవాడూ చేస్తున్నది ఒకటే పని. మొదటివాడిని తిడతాం, రెండోవాడికి దండం పెడతాం.

కూలి, జీతం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పాత ధర్మశాస్త్రంలోనే, పేదవాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయమని ఉంది. అతను దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నాడని కారణం చెబుతుంది. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది ముహమ్మద్ ప్రవక్త మాటగా ముస్లింలు చెప్పుకుంటారు. రెండు చోట్లా ఎంత ఇవ్వాలన్న దానికంటే ఎప్పుడు ఇవ్వాలన్న దాని మీద నొక్కు ఉంది. జీతం ఆలస్యమైతే నష్టం డబ్బుతో ఆగదు. అద్దె కట్టాలి, అప్పు తీర్చాలి, ఎవరిని బతిమాలాలి అని లెక్కలు వేసుకుంటూ పడుకున్న మనిషికి ఆ రాత్రి కంటి మీద కునుకు ఉండదు. ఇవ్వాల్సినవాడు మాత్రం మరిచిపోయి హాయిగా పడుకుంటాడు. నాలుగు సార్లు అడిగించుకుని ఇచ్చేవాళ్లు, చివరికి ఇచ్చాం కదా అనుకుంటారు. ఆ మనిషి నాలుగు సార్లు నోరు తెరిచి అడగడానికి మనసు ఎంత చంపుకుని ఉంటాడో ఆలోచించండి. ఇంట్లో పని చేసే మనిషికి జీతం ఇవ్వాల్సిన తేదీ మీకు గుర్తుందా? ఆమెకు మాత్రం తప్పకుండా గుర్తుంటుంది.

చీటీల్లో వచ్చిన ప్రశ్నల్లో ఒకటి నన్ను కదిలించింది. రాసినవారి పేరు లేదు. 'మంచాన పడ్డ మా అత్తగారిని నేనే చూసుకుంటున్నాను. నాకు సెలవు ఎక్కడ నుంచి వస్తుంది?' అని రాశారు.

అమ్మా, మీరు ఎక్కడ కూర్చున్నారో నాకు తెలియదు. మీకు ఓర్పు గురించి చెప్పడానికి నాకు అర్హత లేదు, ఆ అవసరం కూడా లేదు. నేను మాట్లాడాల్సింది ఈ హాల్లో ఉన్న మిగతావాళ్లతో. మీ బంధువుల్లో, మీ అన్నదమ్ముల ఇళ్లలో, మీ పక్కింట్లో ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్లను చూసినప్పుడు 'నువ్వు కాబట్టి చేస్తున్నావు, దేవతవి' అంటుంటాం. ఆ మాట అనడం ఆపేద్దాం. అలా పొగిడినప్పుడల్లా, ఆ బాధ్యత వాళ్లదేనని మరోసారి తేల్చేస్తున్నాం. దానికి బదులు ఒక రోజు, ఒక టైము చెప్పండి. 'ఎప్పుడైనా అవసరమైతే పిలువు' అంటే ఎవరూ పిలవరు. 'శనివారం రెండింటి నుంచి ఆరింటిదాకా నేను ఉంటాను' అని చెప్పి, ఆ టైముకు వెళ్లండి. ముందే ఒకసారి పక్కన కూర్చుని పని నేర్చుకోండి. మాత్రలు ఏవి ఎప్పుడు వేయాలి, ఎలా పక్కకు తిప్పాలి, ఏం తినిపించాలి, డాక్టర్ నంబరు ఏది అన్నీ రాసుకోండి. ఆ నాలుగు గంటల్లో దుప్పటి ఎక్కడుంది, గ్లాసు ఎక్కడుంది అని ఆమెకు ఫోన్ చేయకండి. ఆమె ఆ టైములో గుడికి వెళ్తుందో, స్నేహితురాలి దగ్గరికి వెళ్తుందో, తలుపేసుకుని పడుకుంటుందో అడగకండి. తిరిగొచ్చాక, మీరు ఎంత కష్టపడ్డారో ఆమెకు చెప్పకండి. మళ్లీ వచ్చే శనివారం అదే టైముకు వెళ్లండి.